పేరు ముందు డాక్టర్ సరే, పేరు తర్వాత ఏముంది?

ఇంగ్లీషు పర్యాయపదాల నిఘంటువులో 'డాక్టర్' దగ్గర చూడండి. ఫిజీషియన్, మెడిక్, క్లినీషియన్, ప్రాక్టిషనర్, కన్సల్టెంట్ అని వరసగా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి వాడేసుకోవచ్చన్నట్టు. పరీక్ష రాసే పిల్లలకి అది సరిపోతుంది. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లకి మాత్రం వీటిలో ఏ రెండూ ఒకటి కావు. మనవాళ్లం తెల్లకోటు కనిపిస్తే చాలు, 'డాక్టర్ గారూ' అనేస్తాం. మర్యాద బాగానే ఉంది గానీ, ఎదురుగా ఉన్నది ఎవరో, వాళ్ల పని ఏమిటో అడగడం ఆ మర్యాదలో కొట్టుకుపోతోంది. నా గొడవంతా దాని గురించే.

అసలు డాక్టర్ అంటే మొదట్లో వైద్యుడే కానక్కర్లేదు. లాటిన్‌లో ఆ మాటకి మూలం బోధించడం. మధ్యయుగాల ఐరోపా విశ్వవిద్యాలయాల్లో మతశాస్త్రానికీ, న్యాయశాస్త్రానికీ, వైద్యానికీ డాక్టర్లు ఉండేవారు. కాబట్టి పీహెచ్‌డీ చేసినాయన్ని 'ఇంజెక్షన్ చెయ్యలేని డాక్టర్' అని ఏడిపించేవాళ్లకి చరిత్ర సాయం రాదు. ఆ మాటకొస్తే భారత్‌లో, బ్రిటన్‌లో ఇచ్చే ఎంబీబీఎస్ పేరులోనే బ్యాచిలర్ ఉంది. అక్కడ డాక్టర్ అని పిలవడం మర్యాద కొద్దీ వచ్చిన అలవాటు. బ్రిటన్‌లో సర్జన్లు ఆ పిలుపు కూడా వద్దని మిస్టర్, మిస్ అనే పిలిపించుకుంటారు. ఒకప్పుడు లండన్‌లో సర్జన్లదీ క్షురకులదీ ఒకటే సంఘం, 1745లో గానీ విడిపోలేదు. యూనివర్సిటీ డిగ్రీ లేని రోజుల్లో తక్కువగా చూసిన ఆ 'మిస్టర్', ఇప్పుడు కష్టపడి సంపాదించుకునే హోదా.

దేశం మారితే మాటా మారుతుంది. మనకి ఫిజీషియన్ అంటే జ్వరాలకీ బీపీకీ మందులిచ్చే జనరల్ మెడిసిన్ డాక్టర్. అమెరికాలో సర్జన్ కూడా ఫిజీషియనే. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌ని సర్జరీ అంటారు. అక్కడున్న కోడలు 'సర్జరీకి వెళ్తున్నా' అని మెసేజ్ పెడితే ఇంట్లోవాళ్లు ఎంత టెన్షన్ పడతారో చెప్పక్కర్లేదు. కన్సల్టెంట్ అంటే బ్రిటన్‌లో ఆ విభాగంలో అందరికన్నా పై మెట్టు డాక్టర్. అమెరికాలో, మీ కేసు చూస్తున్న డాక్టర్ సలహా కోసం పిలిపించిన వేరే స్పెషలిస్టు. (అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘం సభ్యుల్లో సగం మంది ఇంకో రకం కన్సల్టెంట్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, వాళ్లని ఇందులోకి లాగను.)

ఇక అమెరికా ఆస్పత్రి. పెద్దవాళ్లు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఏదో ఒక రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లడం చాలా ఇళ్లలో జరిగేదే. అలాంటి ఒక రాత్రి, మాకు తెలిసిన పెద్దాయన్ని చూడ్డానికి కుర్ర డాక్టర్ వచ్చింది. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి చూసి, ఈసీజీ కాగితం తిరగేసి, 'ఒకసారి మా అటెండింగ్‌ని అడిగి వస్తాను' అని వెళ్లింది. పెద్దాయన కొడుకు వైపు తిరిగి, 'గుండె సంగతి అటెండర్‌ని అడగడమేంట్రా!' అన్నారు. నవ్వొచ్చే మాటే, కానీ ఆయన భయం నిజం. అటెండింగ్ అంటే ఆ కేసుకి పూర్తి బాధ్యత తీసుకునే సీనియర్ అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. వచ్చిన అమ్మాయి రెసిడెంట్, అంటే వైద్యవిద్య పూర్తిచేసి, స్పెషాలిటీని బట్టి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్షణలో ఉండే డాక్టర్. అందులో మొదటి ఏడాదివాళ్లు ఇంటర్న్‌లు. ఇక ఫెలో. మన వాడుకలో 'ఆ ఫెలో' అంటే కాస్త చులకన, ఇక్కడ మాత్రం రెసిడెన్సీ కూడా ముగించి మరింత లోతైన శిక్షణలో ఉన్నవాడు.

బ్యాడ్జి మీద డీవో అని ఉంటే కొందరు మొహం చిట్లిస్తారు. మనకి డీవో అంటే కళ్ల డాక్టర్ల డిప్లొమా కదా, అక్కడ తేడా వస్తుంది. ఇక్కడి డీవోకి (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) ఎండీతో, అంటే ఇక్కడి మామూలు వైద్య డిగ్రీతో, సమానంగా పూర్తి లైసెన్సు ఉంటుంది, 2020 నుంచి రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ కూడా ఇద్దరికీ ఒకటే. నర్స్ ప్రాక్టిషనర్ (పై చదువు చదివిన నర్సు), పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) అలా కాదు. వాళ్లు పరీక్షిస్తారు, మందులు రాస్తారు, చాలామంది చాలా బాగా చూస్తారు, కానీ వాళ్లు చదివిన చదువు వేరు. ఆ పీఏ పేరులోనే చూడండి, 2021లో అమెరికాలోని వాళ్ల సంఘం 'అసిస్టెంట్' తీసేసి 'అసోసియేట్' చేసుకుంది. 2025లో బ్రిటన్ ప్రభుత్వం వేయించిన సమీక్ష 'అసోసియేట్' తీసేసి 'అసిస్టెంట్' పెట్టమంది. రోగికి ఏది తెలియాలన్నదే అసలు తగువు. నర్సింగ్‌లో డాక్టరేట్ ఉన్నవారు క్లాసులో డాక్టర్ అనిపించుకోవడం న్యాయమే. రోగి గదిలో మాత్రం ఆ వెంటనే 'నేను నర్స్ ప్రాక్టిషనర్‌ని' అనాలి. అనకపోతే మనం అడగాలి. అడగడం అవమానించడం కాదు.

నాకు ఒళ్లు మండేది 'ప్రొవైడర్' అనే మాటకి. 1965 నాటి మెడికేర్ (పెద్దవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చట్టంలో సేవల ప్రొవైడర్ అంటే ఆస్పత్రులూ, నర్సింగ్ సదుపాయాలూ, అలాంటి సంస్థలు. మనుషుల్ని ఉద్దేశించిన మాట కాదది. బిల్లింగ్ కాగితాల మీద నుంచి పాకి ఇప్పుడు అందరికీ అంటుకుంది. అపాయింట్‌మెంట్ అడిగితే 'గురువారం ప్రొవైడర్ ఉన్నారు' అంటారు. ఉన్నది డాక్టరో, పీఏనో, నర్స్ ప్రాక్టిషనరో ఆ మాట చెప్పదు. చెప్పకుండా ఉండటానికే పనికొస్తుంది కూడా. డాక్టర్లకీ నచ్చదు, నర్సులకీ నచ్చదు, రోగికి అర్థం కాదు. మరి ఎవరి కోసం?

సరే, వాళ్ల సంగతి వదిలేసి మన ఇంటికొద్దాం. మన సంఘం ఆరోగ్య సదస్సుల ఫ్లయర్ల మీద ప్రతి పేరు ముందూ 'డా.' ఉంటుంది. రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ ఉన్నాయన షుగర్ మందుల గురించి మాట్లాడితే, హాల్లో కూర్చున్న పెద్దావిడ ఆయన్ని డాక్టర్ అనుకుని తను వేసుకునే మాత్రల గురించి అడుగుతుంది. తప్పు ఆవిడదీ కాదు, ఆయనదీ కాదు, ఫ్లయర్ వేసిన మనదే. వచ్చే సదస్సు నుంచి ప్రతి పేరు కిందా ఒక లైను చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను: ఏ డిగ్రీ, ఏ స్పెషాలిటీ, ఏ రాష్ట్రంలో లైసెన్సు, రోగుల్ని చూస్తారా లేదా. స్థలం చాలదంటారా, స్పాన్సర్ల లోగోలు కాస్త చిన్నవి చేయండి.