బల్ల దగ్గర ఎందుకంత భయం?

మొన్న సంస్కారపు ఆదివారం, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకుంటూ ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు, రొట్టె పళ్లెం మా వరుసలోకి వచ్చింది. నా పక్కన కూర్చున్న ఆంటీ ముక్క తీసుకోకుండానే పళ్లెం నా చేతిలో పెట్టేశారు. ద్రాక్షారసం గిన్నెలు వచ్చినా అంతే, తల దించుకునే ఉన్నారు. ఆరాధన అయ్యాక మెల్లిగా అడిగితే, "ఈ వారం ఇంట్లో గొడవ పడ్డానమ్మా, నేను యోగ్యురాలిని కాదు" అన్నారు. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు దాటిన మనిషి!

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఆవిడకి ఆ భయం నూరిపోసిన మన బోధల మీద.

అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీ 11 తెరిచి "అయోగ్యముగా తింటే శిక్షావిధి" అని బెదిరించడం మనకి బాగా అలవాటైపోయింది. అదే అధ్యాయం ఓ పది వచనాలు పైనుంచి చదివితే కదా, పౌలు ఎవరిని తిట్టాడో తెలిసేది! కొరింథులో కలిగినవాళ్లు ఎవరి కోసమూ ఆగకుండా తినేసి, తాగి మత్తుగా ఉండేవాళ్లు. లేనివాళ్లు అదే కూటంలో ఆకలితో, సిగ్గుతో కూర్చునేవాళ్లు. ఆయన మండిపడింది దానికి. "అయోగ్యముగా" అన్నాడు గానీ "అయోగ్యులు" అనలేదు. అది తినే తీరు గురించిన మాట. పైగా 28వ వచనంలో తన్ను తాను పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని మానెయ్యమనలేదు.

అసలు యోగ్యులకే అయితే యేసు శిష్యులతో కూర్చున్న ఆ మొదటి రాత్రి బల్ల దగ్గర ఎవరు మిగిలేవారు? పేతురు తెల్లారేలోపు యేసుని ఎరగనని మూడుసార్లు బొంకాడు. లూకా రాసినదాని ప్రకారం ఆయన్ని శత్రువులకి అప్పగించేవాడి చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉంది.

గొడవ సర్దుకోమనండి, ఒప్పుకుంటాను. బల్లకి దూరంగా ఉంటే సర్దుకుంటుందా?

బాప్తిస్మం దగ్గరకొస్తే మన గోల ఇంకో రకం. ముంచాలా, చిలకరించాలా అని గంటలకొద్దీ వాదన. తొలినాటి సంఘాల పుస్తకం 'దిదాకే' పారే నీళ్లలో ఇమ్మని, అవి లేకపోతే వేరే నీళ్లలో, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయమని చెప్పి ఊరుకుంది. నాకైతే ముంచడమే ఇష్టం. నా బాప్తిస్మం రోజు నీళ్లలోకి వెళ్లగానే గట్టు మీద పాట ఒక్కసారి ఆగిపోయింది. చెవుల్లో హోరు, బిగపట్టిన ఊపిరి, వీపు కింద పాస్టర్ గారి చెయ్యి. పైకి లేవగానే ముక్కు మంట, మళ్లీ అదే పాట. రోమా పత్రిక 6వ అధ్యాయంలో బాప్తిస్మం వల్ల క్రీస్తుతో కూడా "పాతిపెట్టబడితిమి" అన్న మాట నాకు ఆరోజే అర్థమైంది.

అలా చచ్చి లేచింది ఒక్కసారే. ఆ తర్వాత బతకడానికే కదా ఈ బల్ల! మార్కులు తెచ్చుకున్నవాళ్లకి ఇచ్చే బహుమతిలా దాన్ని ఎప్పుడు మార్చేశాం? (1529లో మార్‌బుర్గ్‌లో సంస్కరణోద్యమ నాయకులు లూథర్, జ్వింగ్లీ దాదాపు అన్నిట్లో ఒప్పుకుని, చివరికి ఈ రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా అన్న దగ్గరే విడిపోయారు. ఈ బల్ల చుట్టూ తగువు కొత్తదేమీ కాదు.)

వచ్చే సంస్కారానికి మళ్లీ ఆంటీ పక్కనే కూర్చుంటాను. ఆవిడ పళ్లెం నాకిస్తే వెంటనే అందుకోను.