ఏమీ చేయని రైతుకు ఏమివ్వాలి?

ప్రపంచాన్ని గట్టెక్కించే ఉపాయం దొరికింది. పొలం దున్నడం మానేయడమే ఆ ఉపాయం. పరిరక్షణ సేద్యం అంటారు దీన్ని. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మూడు సూత్రాలు చెప్పింది: నేలను వీలైనంత తక్కువ కదిలించాలి, పైన గడ్డో మోళ్లో కప్పి ఉంచాలి, పంటలు మారుస్తూ ఉండాలి. 2001లో మాడ్రిడ్‌లో, 2009లో ఢిల్లీలో దీనిమీద ప్రపంచ మహాసభలు కూడా జరిగాయి. డీజిల్ ఆదా గురించి మాట్లాడడానికి ఎందరో విమానాలెక్కి వచ్చారు.

2015లో ఐరాస సుస్థిరాభివృద్ధి పేరుతో 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు పెట్టుకుంది. గడువు 2030. దున్నని రైతు వీటిలో కొన్నింటిని గట్టు మీద కూర్చునే సాధిస్తున్నాడు. ట్రాక్టర్ తిరగలేదు, వాతావరణానికి మేలు. మట్టి కొట్టుకుపోలేదు, భూమికి మేలు. దుక్కి ఖర్చు మిగిలింది, పేదరికం ఆ మేరకు తగ్గింది.

ఈ లెక్కన కృష్ణా డెల్టా రైతుకు ఐరాస పాత బాకీ ఉంది. సార్వా (వానాకాలపు) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఆరకముందే, నిలబడ్డ చేలోనే మినుము చల్లడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అరక కట్టరు, తడి పెట్టరు. వరి వదిలిపెట్టిన తేమతోనే పంట చేతికొస్తుంది, పైగా నేలకు నత్రజని. మాడ్రిడ్ నుంచి పిలుపు రాలేదన్న మాటే గానీ సేద్యానికి లోటు లేదు. (అదే పొలాన్ని సార్వాలో బురద బురదగా దమ్ము చేస్తారన్న సంగతి మహాసభ దాకా ఎందుకు?)

తర్వాత మినుముకు పల్లాకు తెగులొచ్చింది, బంగారు తీగ అల్లుకుంది, కోత మిషన్ చక్రాలు మొలకల్ని తొక్కేశాయి. గుంటూరు, కృష్ణా వైపు చాలామంది మొక్కజొన్నకు మారారు. అదీ దుక్కి లేకుండానే, వరి మోళ్ల మధ్య గింజ గుచ్చడమే. మరి కలుపో? పారాక్వాట్, అట్రాజిన్ లాంటి కలుపు మందులు ఉండగా నాగలెందుకు! నేలను గాయపరచకూడదనేది సూత్రం. మందు కొట్టకూడదని ఆ మూడింట్లో ఎక్కడా లేదు.

రెండో సూత్రం దగ్గర మాత్రం గేదె అడ్డం పడుతుంది. గడ్డిని పొలంలోనే వదిలేయాలని శాస్త్రవేత్త అంటాడు. పాలు కావాలా వద్దా అని గేదె అడుగుతుంది. గేదె లేని ఇంట్లో అగ్గిపుల్ల ఉంటుంది.

ఇక ప్రభుత్వం. ఎండాకాలం రాగానే లోతు దుక్కులు చేయమంటుంది. సదస్సు రాగానే దున్నొద్దంటుంది. రెండూ విని రైతు తలూపుతాడు. సబ్సిడీ విషయంలో పక్షపాతం అసలే లేదు: దున్నే రోటవేటర్‌కు ఉంది, దున్నకుండా విత్తే యంత్రానికీ ఉంది. ఏ యంత్రమూ కొనకుండా, గంపెడు మినుములు చల్లి ఊరుకున్నవాడికి ఎలా ఇస్తారు? బిల్లేదీ? డీలర్ ఎవరు? రిబ్బన్ దేనికి కట్టాలి?

అందుకని నాదొక మనవి. దున్నకపోవడానికీ ఓ పథకం పెట్టండి. రైతు దున్నలేదని గ్రామ అధికారి ధ్రువీకరించాలి. దున్నక ముందు ఒక ఫొటో, దున్నకపోయాక ఒక ఫొటో జత చేయాలి. రెండూ ఒకేలా ఉన్నాయని దరఖాస్తు వెనక్కొస్తే, దున్ని మళ్లీ పంపుకోవచ్చు.