కళ్లు మూసుకుని 42 కిలోమీటర్లు

ఈ రెండేళ్లలో నేను ముప్పై ఏడు మారథాన్లు పూర్తి చేశాను. ఒక్కదానికీ చెమట పట్టలేదు, బూట్లు అరగలేదు. ముప్పై ఏడు సార్లూ నేను గచ్చిబౌలి స్టేడియంలో అడుగు పెట్టేసరికి జనం లేచి నిలబడ్డారు, మెడలో పతకం పడింది, ఎవరో అరటిపండు ఒలిచి మరీ చేతికిచ్చారు. పన్నెండో పరుగులో మాత్రం కెన్యా క్రీడాకారుడు ఒకాయన నన్ను దాటి పోయాడు. ఇంటికొచ్చిన అతిథి కదా అని నేనే దారి ఇచ్చాను.

ఇదంతా పడక కుర్చీలో జరిగింది. ఆ ఒక్క కారణం చూపి దీన్ని మారథాన్‌గా లెక్కించడానికి క్రీడాలోకం ఒప్పుకోవడం లేదు. ఈ అన్యాయం గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టు నెలాఖరులో మారథాన్ జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు దగ్గర తెల్లవారీ తెల్లవారకముందే మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి దాకా సాగుతుంది. రెండేళ్ల క్రితం మా డాక్టరు నా రక్తపోటు అంకె చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "కాస్త పరుగెత్తడం మొదలుపెట్టండి" అన్నాడు. అదే వారంలో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక శిక్షకుడు శిబిరం పెట్టాడు. విజువలైజేషన్, అంటే కోరుకున్నది మనసులో చూసుకోవడం, గోల్ సెట్టింగ్, అంటే లక్ష్య నిర్ణయం, నేర్పుతానన్నాడు. రుసుము కట్టి ఇరవై మందిమి వెళ్లాం. కుర్చీల్లో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. "అదిగో ముగింపు గీత. మీరు దాన్ని దాటుతున్నారు. దాటేశారు" అన్నాడు. అప్పటికి భోజనాలై అరగంటయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. అయిదు నిమిషాల్లో ఇద్దరు గురక అందుకున్నారు. శిక్షకుడు ఏమాత్రం చలించలేదు. "వారు మనందరికంటే లోతుకు వెళ్లారు, కదిలించకండి" అన్నాడు. ఆ క్షణమే నాకు ఈ విద్య మీద గురి కుదిరింది.

దీన్ని పాశ్చాత్యుల సరుకు అనుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది. ఏటా వినాయక చవితినాడు చేతిలో అక్షతలు పట్టుకుని మనం వినే కథ ఏమిటి? తీర్థాలన్నిటిలో మునిగి ఎవరు ముందు వస్తే వారికి విఘ్నాధిపత్యం అన్నాడు శివుడు. కుమారస్వామి నెమలినెక్కి రివ్వున పోయాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేస్తూ ఉండిపోయాడు. తమ్ముడు ఏ నదికి వెళ్లినా అన్నగారు అప్పటికే స్నానం ముగించి ఎదురొస్తూ కనిపించాడు. పరుగు పందేన్ని బొజ్జ గెలిచిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. "ఆయన మూడు ప్రదక్షిణలైనా చేశాడు కదా" అని మా బావమరిది అడ్డు తగిలాడు. నిజమే. అందుకే నేను కూడా ప్రతి మారథాన్‌లోనూ కుర్చీ నుంచి ఫ్రిజ్ దాకా మూడుసార్లు వెళ్లివస్తాను.

రత్నాల ఆసనం, మంచుకొండల నీళ్లతో స్నానం, పట్టుబట్టలు, అన్నీ మనసులోనే సమర్పించే శివమానసపూజ మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. శివుడికి లేని అభ్యంతరం మారథాన్ నిర్వాహకులకు ఎందుకో అర్థం కాదు.

శాస్త్రం కూడా నా పక్షానే ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు 2004లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. కొందరిచేత రోజుకు పావుగంట, వారానికి అయిదు రోజుల చొప్పున పన్నెండు వారాలు చిటికెన వేలి కసరత్తు చేయించారు, కేవలం ఊహలో. వేలు కదపకుండానే దాని బలం 35 శాతం పెరిగింది. నిజంగా వేలు కదిపి కసరత్తు చేసినవారికి 53 శాతం పెరిగిందట. ఆ తేడాను నేను పట్టించుకోలేదు. మూడు నెలల సాధన తర్వాత నా చిటికెన వేలిలో వచ్చిన మార్పు నాకే ఆశ్చర్యం కలిగించింది. మారథాన్‌ను చిటికెన వేలితో పరుగెత్తనిచ్చే రోజు రావాలే గానీ, దేశానికి పతకం ఖాయం.

రక్తపోటు విషయంలో దొరికిన ఆధారం ఇంకా గొప్పది. గాబ్రియేల్ ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహ పరిశోధకురాలితో కలిసి 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు మహిళలను ఎత్తు మడమల చెప్పులు వేసుకుని మెరిసిపోతున్నట్లు ఊహించుకోమన్నారు. అలా తీపి ఊహల్లో తేలినవారి పై అంకె రక్తపోటు, ఆ ఊహను ప్రశ్నించుకుంటూ చూసినవారికంటే తక్కువగా కనిపించింది. కోరిక తీరిపోయినట్లు మనసు నమ్మేస్తుంది కాబట్టి ఒళ్లు సడలిపోతుందనీ, ఇక దానికోసం పాటుపడే శక్తి ఉండదనీ పరిశోధకుల హెచ్చరిక. హెచ్చరిక సంగతి అలా ఉంచండి. డాక్టరు నన్ను పరుగెత్తమన్నది దేనికి? రక్తపోటు తగ్గడానికి. పరుగెత్తినట్లు అనుకుంటేనే అది తగ్గుతున్నప్పుడు పరుగెత్తడం దుబారా కాదా? ఈ ప్రశ్నే డాక్టరును అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా మాత్ర మోతాదు పెంచాడు.

ఇక లక్ష్య నిర్ణయం. శిక్షకుడు స్మార్ట్ (SMART) అనే అయిదు ఇంగ్లీషు అక్షరాల మంత్రం ఉపదేశించాడు. లక్ష్యం నిర్దిష్టంగా ఉండాలి, కొలవగలగాలి, సాధించదగినదై ఉండాలి, వాస్తవానికి దగ్గరగా ఉండాలి, గడువు ఉండాలి. నేను ఏ విషయాన్నయినా మూలం దాకా వెళ్లి చూసే మనిషిని. 1981లో జార్జ్ డోరన్ అనే నిర్వహణ సలహాదారు ఈ మంత్రాన్ని తొలిసారి రాసినప్పుడు మూడో మాట ‘సాధించదగినది’ కాదు, ‘అప్పగించదగినది’. పని ఎవరు చేయాలో తేల్చుకోండి అని ఆయన భావం. ఎంత దయగల మాట! వెంటనే మా బావమరిదికి ఫోను చేశాను. లక్ష్యం నాదీ, కాళ్లు అతనివీ అని వివరించాను. "బావగారూ, పరుగు నేను పెడతాను, పతకం కూడా నేనే వేసుకుంటాను. రక్తపోటు మాత్రం మీ దగ్గరే ఉంటుంది, ఆలోచించుకోండి" అన్నాడు. ఈ కాలం కుర్రవాళ్లకు బాధ్యత పంచుకోవడం తెలియదు.

లక్ష్యం ఎంత కఠినంగా, ఎంత స్పష్టంగా ఉంటే పని అంత బాగా సాగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1960లలోనే చెప్పాడు. ‘నీకు చేతనైనంత చెయ్యి’ అంటే మనిషి ఏమీ చేయడట. కాబట్టి నా మారథాన్ సమయాన్ని 1 గంట 59 నిమిషాల 39 సెకన్లుగా నిర్ణయించుకున్నాను. కెన్యా పరుగు వీరుడు ఎలియుడ్ కిప్‌చోగె 2019 అక్టోబర్ 12న వియన్నాలో మారథాన్ దూరం పరుగెత్తిన సమయం కంటే ఇది ఒక్క సెకను తక్కువ. ఆయన చుట్టూ వంతులవారీగా 41 మంది తోడు పరుగెత్తారు. ముందు ఒక కారు వెళుతూ రోడ్డు మీద కాంతి గీతలు పరిచింది. ఇన్ని ఏర్పాట్ల మధ్య సాగింది కాబట్టి ఆ పరుగును అధికారిక రికార్డుగా గుర్తించలేదు. నా పరుగునూ గుర్తించలేదు. ఈ విషయంలో ఆయనా నేనూ ఒకే పడవలో ఉన్నాం.

అసలు ఈ దూరం ఏమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగియాలన్నారు. అలా తేలిన 42.195 కిలోమీటర్లనే 1921లో ప్రమాణంగా ఖాయం చేశారు. ఒక రాణిగారి కుర్చీ కోసం దూరాన్ని సాగదీయగా లేనిది, నా కుర్చీ కోసం కుదిస్తే మునిగిపోయేదేమిటి? నేను కోరుతున్నది పెద్దగా ఏమీ లేదు, ఒలింపిక్స్‌లో మానసిక మారథాన్‌ను చేర్చమంటున్నాను. నిబంధనలు కూడా సిద్ధం చేశాను. తుపాకీ పేలకముందే గురక పెడితే తప్పుడు ఆరంభం. ఫిల్టర్ కాఫీ నిషిద్ధ ఉత్ప్రేరకం. ఇతరుల కలలోకి అడ్డు వస్తే అనర్హత. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినవారిని పోటీ నుంచి తప్పుకున్నట్లు భావిస్తారు.

పోలిక కోసం ఒక్కసారి కాళ్లతో కూడా పరుగెత్తి చూశానని నిజాయతీగా ఒప్పుకోవాలి. హాఫ్ మారథాన్‌కు, అంటే 21 కిలోమీటర్ల చిల్లరకు, పేరిచ్చాను. తయారీలో లోపం చేయలేదు. ఉదయం 4:45కు అలారం మోగాలని లక్ష్యం పెట్టుకున్నాను. తొంభై రోజుల్లో ఒక్కరోజు కూడా తప్పకుండా మోగింది. ఆటంకాలను కూడా ముందే ఊహించుకోవాలని శిక్షకుడు చెప్పాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి ముందున్నదేమీ కనబడలేదు. అటువంటి గండాలను మనసులో ముందే ఈది ఉన్నాడు కాబట్టి బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ప్రపంచ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. (అంతకుముందు ఏళ్ల తరబడి రోజూ నిజం నీళ్లలో కూడా ఈదాడన్న సంగతి చెప్పబోయేలోపే శిబిరంలో టీ వచ్చింది.) నేనూ గండాలు ఊహించాను. వాన పడింది. పిక్క పట్టేసింది. కుక్క తరిమింది. ప్రతిదానికీ మనసు ఒకే ఉపాయం సూచించింది, ఇంట్లో ఉండిపోవడం.

ఆ ఆదివారం నేను ఊహించని విషయాలు మాత్రమే జరిగాయి. మొదలయ్యే చోట మూత్రశాల ముందు వరుస ఉంటుందని నా ముప్పై ఏడు మారథాన్లలో ఎక్కడా లేదు. కొత్త బనీను కుట్టు చంకలో ఒరుసుకుంటుందని లేదు. ముఖ్యంగా, నా ఊహలో ఈ ఊరంతా చదునుగా ఉండేది. మొదటి ఫ్లైఓవర్ ఎదురయ్యేసరికి, కారులో వెళ్లేటప్పుడు ఎన్నడూ కనిపించని ఎత్తు దానికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. సగంలో ఆగి కళ్లు మూసుకుని ముగింపు గీతను చూడబోయాను. "నాయనా, కాస్త పక్కకు జరుగు" అని వినిపించింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కింద గుడ్డ బూట్లు వేసుకున్న పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి.

"అమ్మా, మీరు పరుగెత్తేటప్పుడు మనసులో ఏం చూసుకుంటారు?" అని అడిగాను. శాస్త్రీయమైన కుతూహలం.

"మనసులోనా? ముందు గుంట ఉంది, అది చూసుకుంటున్నాను" అని దాన్ని దాటి వెళ్లిపోయింది.

ఏడో కిలోమీటరు దగ్గర నీళ్ల గ్లాసులు పెట్టిన బల్ల కనిపించింది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నిలబడ్డాను. నాలుగు గ్లాసులు తాగాను. పెద్దల మాట మీద గౌరవం కొద్దీ ఇంకాసేపు నిలబడ్డాను. ఆ పక్క సందులో ఒక ఆటో కూడా నాలాగే నిలబడి ఉంది.

దీన్ని ఓటమి అనేవారికి చరిత్ర తెలియదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో జపాన్ నుంచి వచ్చిన షిజో కనకురి ఎండకు సొమ్మసిల్లాడు. దారిలో ఒక ఇంటివారు ఆదరించి పళ్లరసం ఇచ్చారు. తాగి, నిర్వాహకులకు చెప్పకుండానే స్వదేశం వెళ్లిపోయాడు. స్వీడన్ వాళ్ల లెక్కల్లో ఆయన చాలా ఏళ్లు ఆచూకీ లేని మనిషిగా ఉండిపోయాడు. 1967లో పిలిచి మిగిలిన పరుగు పూర్తి చేయమన్నారు. పూర్తి చేశాడు. పట్టిన సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. ఈలోగా ఆరుగురు పిల్లలూ పదిమంది మనవలూ కలిగారు.

నేను కూడా నిర్వాహకులకు చెప్పకుండానే ఆటో ఎక్కాను. కాబట్టి నా పరుగు కొనసాగుతూనే ఉంది. బనీనుకు తగిలించిన నంబరు, దాని వెనక అంటించిన, సమయం లెక్కగట్టే చిప్పు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇంకా యాభై రెండేళ్లలో ఎప్పుడు గచ్చిబౌలి చేరినా ఒక ఒలింపిక్ క్రీడాకారుణ్ణి మించిన వేగంతో పరుగెత్తినట్లే. లక్ష్యం నిర్దిష్టంగా ఉంది, కొలవడానికి కాలెండరు ఉంది, గడువు ఉంది. ఇక మిగిలిన పద్నాలుగు కిలోమీటర్లు ఎవరికి అప్పగించాలన్నదే తేలాలి. బావమరిది కాదన్నాడు. మా అబ్బాయికి పదో తరగతి పరీక్షలున్నాయి. వాడి కొడుకైతే సరిపోతాడు. అన్నీ ముందుగా స్పష్టంగా చూసుకోవాలన్నారు కదా, వాడి పేరు కూడా నిర్ణయించేశాను. సోమలింగం.