తిన్నె దాటి విసరమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు చేరడం ఇది ఐదోసారి. మొదట న్యూజెర్సీలోని ఎడిసన్ క్రికెట్ గ్రూపులో వచ్చింది, తర్వాత బావమరిది పంపాడు. నిన్న గుళ్ళో పులిహోర పొట్లం చేతికిస్తూ ఒక పెద్దాయన "ఇది నీకోసమేనయ్యా" అని ఫోన్ చూపించారు. "రబ్బరు చేపతో ఒడ్డు నుంచే స్ట్రైపర్ పట్టే 7 రహస్యాలు" అట. స్ట్రైపర్ అంటే ఒంటి మీద చారలుండే సముద్రపు చేప, రబ్బరు చేప అంటే దాన్ని మోసం చేసే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ. కింద ఫోటోలో ఎవరో 40 అంగుళాలకు తగ్గని చేపను ఎత్తుకుని నిలబడ్డాడు, పక్కన "ఆదివారం పులుసు" అని రాశారు. న్యూజెర్సీలో 28 నుంచి 31 అంగుళాల మధ్యది, అదీ రోజుకు ఒక్కటే ఉంచుకోనిస్తారు. ఆ పులుసులో చింతపండు కన్నా జరిమానా ఎక్కువ పడుతుంది.

సర్కిల్ హుక్ (మొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం) లేకుండా వేస్తే నేరం అంటాడు. ఆ నిబంధన అసలు ఎర గుచ్చేవాళ్ళకి, రబ్బరు చేపకి కాదు. రబ్బరు చేపలన్నీ ఒకే డబ్బాలో పోసుకోమంటాడు. పోసుకోండి. రెండు రకాల ప్లాస్టిక్ ఒకదానికొకటి పడకపోతే, ఎండలో కారు డిక్కీలో నెల ఉన్నాక తెరిచి చూస్తే జీళ్ళపాకం కనిపిస్తుంది.

కొక్కెం తోకదాకా పొడిస్తే చేప తప్పించుకోదనేది మూడో రహస్యం. తోకదాకా ఇనుము దూరాక ఆ తోక ఇంకేం ఊగుతుంది? చేప కొట్టేదే ఆ ఊపు చూసి. జిగ్ హెడ్‌ని, అంటే బరువైన తల ఉన్న కొక్కేన్ని, రబ్బరు చేప పక్కన ఆనించి, కొక్కెం వంపు ఎక్కడికి వస్తోందో వీపు మీద గోటితో గుర్తు పెట్టుకోవాలి. ముక్కు సరిగ్గా మధ్యలో గుచ్చి, తిన్నగా పోనిచ్చి, ఆ గుర్తు దగ్గరే పైకి తీయాలి. పిసరు పక్కకి పోయినా నీళ్ళలో బొంగరంలా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది. విసిరే ముందు కాళ్ళ దగ్గర నీళ్ళలో ఒక గజం లాగి చూస్తే తెలిసిపోతుంది. వంకరగా ఉంటే తీసి మళ్ళీ గుచ్చాలి. బద్ధకిస్తే సాయంత్రమంతా వృథా.

3 ఔన్సుల జిగ్ అయితే దూరం పోతుందట. ముందు మీ రాడ్ మీద ఎంత బరువు అచ్చేసి ఉందో చదవండి. నాలుగడుగుల నీళ్ళలో 3 ఔన్సులంటే చేపలు పట్టడం కాదు, ఇసుక దున్నడం. అలలు నెమ్మదిగా ఉన్నరోజు నాకు ఔన్సు చాలు, ప్రవాహం లాగేస్తుంటే ఒకటిన్నర. అడుగు నేల తగిలీ తగలనట్టు రావాలి.

ఇక అసలు ఘనకార్యం. "పాటు సమయంలో గాడి దాటి ఇసుక తిన్నె మీదకు నడిచి వెళ్ళి విసరండి, పెద్ద చేపలు అవతలే ఉంటాయి."

అయ్యా, పెద్ద చేపలు ఆ గాడిలోనే తిరుగుతాయి! తిన్నె మీద అల విరిగి, ఒడ్డు దగ్గర మళ్ళీ విరిగే లోపల నల్లగా కనిపించే నీళ్ళే గాడి. తెల్లవారుజామున స్ట్రైపర్లు ఒడ్డుకి ఇరవై అడుగుల దూరంలో కూడా తింటాయి. వాటి వంటింట్లోంచి బూట్లతో నడిచిపోయి, వీధిలో నిలబడి భోజనానికి పిలుస్తున్నారు మీరు.

నవ్వడానికి ఇంతవరకే. న్యూజెర్సీ తీరంలోని సాండీ హుక్ దగ్గర పోటుకీ పాటుకీ తేడా నాలుగైదు అడుగులు. నీళ్ళు ఒకే వేగంతో పెరగవు. మొదటి గంటలో పెరిగినట్టే ఉండదు, మూడో గంటా నాలుగో గంటా కలిపి సుమారు సగం పోటు వచ్చేస్తుంది. మీరు సముద్రం వైపు చూస్తూ విసురుతుంటే మీ వెనక గాడి నిండుతుంటుంది. నాకీ సంగతి ఎలా తెలుసంటారా? ఒక నవంబరు సాయంత్రం మోకాళ్ళ లోతులో వెళ్ళి, ఛాతీ లోతులో తిరిగొచ్చాను. రాడ్ రాలేదు. ఇప్పుడు దాన్నే "రహస్యం" అని ఈత రాని పిల్లలున్న గ్రూపుల్లో పంచుతున్నారు, పైగా దండాల ఎమోజీలతో.

దానికి తోడు ఆరోది: "వేడర్స్‌లో గాలి ఉంటుంది, మునగరు." వేడర్స్ అంటే నీళ్ళలో దిగడానికి కాళ్ళ నుంచి ఛాతీదాకా వేసుకునే తడవని తొడుగు. నిజానికి నిండిన వేడర్స్ రాయిలా ముంచేస్తాయని నేనూ చాన్నాళ్ళు చెప్పాను, అదీ తప్పే. నీళ్ళలో ఉన్నంతసేపు ఆ నీళ్ళకి బరువు తెలియదు. లేచి నిలబడబోతేనే తెలుస్తుంది. వెనక్కి లాగే అలలో, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో కాళ్ళకి రెండు బిందెలు కట్టుకుని ఒడ్డెక్కినట్టే. నడుముకి బెల్టు బిగిస్తే నీళ్ళు త్వరగా లోపలికి చేరవు. ఏడు రహస్యాల్లో ఆ బెల్టు ఊసే లేదు.

ఏడోది, "రంగులన్నీ షాపువాళ్ళ మాయ, తెల్లది ఒక్కటి చాలు." దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. నా దగ్గర పదకొండు రంగులున్నాయి మరి. పాత నోట్‌బుక్ తీసి రెండేళ్ళ లెక్క చూశాను. పట్టినవాటిలో ముప్పావు వంతు తెల్లదానికే.

ఈ శనివారానికి సంచిలో ఆరు తెల్లవి సర్దాను. ఒక పచ్చది కూడా పెట్టాననుకోండి, అలవాటు.