22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చిన్నదొర గారికి

కర్నూలు పాతబస్తీ నుంచి రిపేరు షాపువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమంగా లేరని ఈ మధ్యాహ్నం గానీ తెలియలేదు.

పొద్దున టిఫిన్ బండి అక్క తన ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ప్లగ్గు పీకకుండా ఉంటే బాగానే ఎక్కుతాది అన్నా. రాత్రి కరెంటు పోయొచ్చినాక మళ్లీ లేవలే" అంది. తమరి జాతకమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. చెవిన పెట్టి ఉంటే పది నిమిషాల పని. కానీ నాకు ముందు పెద్దోళ్ల మీదే అనుమానం పోతుంది.

ఫ్యూజు చూశాను, మీటరు కుయ్‌మంది, అంటే బాగానే ఉంది. 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ప్లగ్గేస్తే, ఒకసారి మెరిసి ఆరిపోయింది. అంటే షార్టు లేదు. ఛార్జి దాచుకునే పెద్ద కెపాసిటర్ మీద 322 వోల్టులు. మన 230 ఏసీ, డీసీగా మారాక ఉండాల్సినంతే. స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ నిక్షేపం. స్టార్టింగ్ రెసిస్టర్లూ అంతే. ప్లగ్గు పీకిన వెంటనే బోర్డు తిప్పబోయి ఆ 322లో నా వాటా నేను తిన్నాను. ఆడని సప్లైలో ఛార్జి అంత తొందరగా దిగదని ఊళ్లో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. ఆ మంటలో ఆ మాస్‌ఫెట్‌ను ఆడించే 3842 ఐసీ చిప్పు కూడా మార్చేశాను. ఎనిమిది కాళ్లూ ఊడదీసి కొత్తది వేస్తే, అదీ పడుకునే ఉంది.

అప్పుడు ముల్లు మీటరు తీసి, ఐసీకి కరెంటు అందే ఏడో కాలు మీద పెట్టాను. ముల్లు మెల్లగా ఎక్కుతుంది, టక్కున పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఈ ఐసీ దగ్గర దగ్గర 16 వోల్టులు వస్తే గానీ కళ్లు తెరవదు, 10 కిందికి పోతే మళ్లీ ముసుగు తన్నుతుంది. ఒకసారి లేచిందంటే ట్రాన్స్‌ఫార్మర్‌లోని చిన్న చుట్టు దానికి తిండి పెడుతుంది. ఆ తిండి అందేదాకా, ఆ రెప్పపాటు, దాన్ని సాకాల్సింది తమరు. సంతకాలన్నీ అయిన ఫైలు, ముద్రున్న బీరువా తాళం అటెండరు జేబులో ఉందని ఆగిపోయినట్టు, 322 వోల్టులూ తమరి కోసం నిలబడి ఉన్నాయి. పైగా నడుస్తున్నంతసేపూ తమరు ఎండిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. కరెంటు పోయొస్తేనే బండారం బయటపడేది. తిట్లు మాత్రం కరెంటోళ్లకు.

నమ్మకం కుదరక సోల్డరింగ్ ఐరన్‌ను తమరి వీపు దగ్గర, తగలకుండా, ఒక నిమిషం పట్టాను. ముసలాయన పొద్దుటెండలో కూర్చుంటే కీళ్లు వదులైనట్టు, పచ్చలైటు వెలిగింది! ఊడదీసి కొలిస్తే ఒంటి మీద 22, లోపల 1.6.

తమరి అన్నలు నయం. పాడైతే నెత్తి ఉబ్బించి తప్పు ఒప్పుకుంటారు. తమరి నెత్తి మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఒంటి మీద 105 డిగ్రీలని బిరుదు, కూర్చున్నది హీట్‌సింక్‌కు ఆనుకుని. అదీ మా ఊరి మే నెలలో. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపంటారు. ఆ సీటిచ్చినవాణ్ణి కూడా అనాలి, ఒప్పుకుంటాను.

తమరి స్థానంలో 47 మైక్రోఫారడ్లు, 50 వోల్టుల కొత్తాయన్ని, గీత మైనస్ వైపు చూసుకుని, హీట్‌సింక్ నుంచి కాస్త వంచి కూర్చోబెట్టాను. నాలుగుసార్లు ప్లగ్గు పీకి పెట్టాను, నాలుగుసార్లూ లేచింది.

సాయంత్రం అక్క వచ్చింది. నూటయాభై అన్నాను. ఏం పోయిందని అడిగితే, తమర్ని అరచేతిలో పెట్టి చూపించాను. "ఈ గింజంత దానికా?" అని వంద చేతిలో పెట్టి పోయింది. మిగతా యాభై తమరు బాకీ.

ఇట్లు,
రిపేరు షాపువాడు