రెండు షిఫ్టుల కొత్త సంవత్సరం

డిసెంబరు 31 రాత్రి అనంతపురం పాతూరులో మగవాళ్లకు పెద్దగా పని ఉండదు. బేకరీ ముందు గుంపులోకి దూరి కేకు సంపాదించాలి, గుంతల్లో బండి ఎగిరినా పెట్టె వంగకుండా ఇంటికి చేర్చాలి. అంతే. అసలు రాత్రి ఆడవాళ్లది. పది దాటేసరికి ప్రతి వాకిట్లో ఒక బకెట్టు, ఒక చీపురు, రంగుల పొట్లాలు ప్రత్యక్షమవుతాయి. ఎవరి ముగ్గు పెద్దదని పైకి ఎవరూ అడగరు. "మీదైపోయిందా అక్కా?" అంటూ ఊరికే అటుగా వచ్చినట్టు వచ్చి చూసిపోతారు. అలా చూసిపోయిన కాసేపటికి వాళ్ల ముగ్గులో ఇంకో వరస తామరపూలు పూస్తాయి.

ఈసారి మా వదిన గట్టి పట్టుదల మీద వచ్చింది. అన్నవాళ్లు ఉండేది బెంగళూరులో. అక్కడి అపార్ట్‌మెంటులో ముగ్గు వేయాలంటే లిఫ్టుకూ చెప్పుల స్టాండుకూ మధ్య జానెడు జాగా దొరుకుతుంది. పాపకు క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే ముగ్గురూ వచ్చేశారు. ఏడాదంతా బిగబట్టుకున్న ముగ్గు మొత్తం మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద వేయాలన్నది ఆమె ప్లాన్. 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క. నడుమ నెమలి, చుట్టూ తామరలు, కింద రెండడుగుల అక్షరాలతో 'హ్యాపీ న్యూ ఇయర్ 2026'. జల్లెడతో రంగులు చల్లడానికి పాప, సెల్‌ఫోను లైటు పట్టుకోవడానికి అన్న. "ఆ 6 కొంచెం పడుకున్నట్టుంది" అన్నందుకు నన్ను అక్కడి నుంచి పంపించేశారు.

పన్నెండుకు టపాకాయలు కాల్చారు, కేకు కోశారు, మధ్యాహ్నం కొళాయి దగ్గర కొట్లాడుకున్నవాళ్లు చేతులు కలుపుకున్నారు. ముగ్గు మాత్రం ఒంటిగంటన్నరకు గానీ పూర్తి కాలేదు. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. ఎదురింటావిడ వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మా వీధిలో అంతకు మించిన పొగడ్త లేదు. అన్న ఫోటో తీయబోతుంటే వదినే ఆపింది.

"వీధిలైటుకు గులాబీ రంగంతా నారింజ మాదిరి పడుతుంది. పొద్దున ఎండ రాగానే తీద్దాం."

అందరూ పడుకున్నారు. మొదటి షిఫ్టు ముగిసింది.

రెండో షిఫ్టు మా జేజిది. ధనుర్మాసం వస్తే ఆమెకు నాలుగింటికే తెల్లవారుతుంది. పైగా ఈసారి డిసెంబరు 30న వైకుంఠ ఏకాదశి పడింది. ఆ రోజు ఉత్తర ద్వార దర్శనం, ఉపవాసం, మర్నాడు ద్వాదశి పారణ. అలసిపోయి, 31 రాత్రి ఎనిమిదికే చెవిలో మిషను తీసి దిండు కింద పెట్టుకొని పడుకుంది. ఊరంతా టపాకాయలు పేల్చినా కదల్లేదు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి పండగ తర్వాత చేస్తామన్నారు.

నాలుగింటికి తలకు మఫ్లరు చుట్టుకొని, పేడనీళ్ల బకెట్టుతో వాకిట్లోకి వచ్చింది. మా వీధిలైటుకు దాని టైమింగ్స్ దానికి ఉంటాయి, అప్పటికి ఆరిపోయింది. చీకట్లో జేజికి కనిపించింది నెమలి కాదు. రోడ్డు నిండా ఏవో పొడులు, మధ్యలో టపాకాయల కాగితాలు. 'తాగుబోతోళ్లు ఏందో పారబోసి పోయినారు' అనుకుంది. ముందు చీపురు, తర్వాత కళ్లాపి. జేజి చేసే పనిలో లోపం ఉండదు. నీళ్లకు కటకటలాడే ఊరైనా, ఆ రోజు రెండో బకెట్టు కూడా తెచ్చి మరీ కడిగింది. ఆపైన ముగ్గుపిండితో మెలికల ముగ్గు ఒకటి లాగి, పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చి, లోపలికి వచ్చి తిరుప్పావై అందుకుంది.

తిరుప్పావైలో ఆండాళ్ ఇంటింటికీ పోయి, నిద్రపోతున్న చెలికత్తెలను లేపుతుంది. 30 పాశురాల్లో మా జేజికి బాగా వంటబట్టింది ఆ భాగమే. పాడుతూ పాడుతూ గదుల తలుపులన్నీ తట్టింది. ముందు లేచింది వదిన. తలుపు తీసుకొని బయటికి పోయింది.

నాకు ఒక కేక వినిపించింది. దొంగలనుకొని అన్న ఉరుక్కుంటూ పోయి, తడి సిమెంటు మీద జారి, సరిగ్గా గుమ్మడిపువ్వు మీద కూర్చున్నాడు.

"జేజీ, ముగ్గు!"

"వేసినా గదమ్మా. బాగలేదా?"

"ఇది కాదు, మేం వేసింది!"

"మీరెప్పుడు వేసినారు?"

"రాత్రి పన్నెండుకు!"

"పన్నెండుకు ముగ్గు ఎవురేస్తారమ్మా? దయ్యాలు గూడా ఆ పొద్దుకు ఇండ్లకు పోతాయి."

ఇంటి పక్క కాలువలో గులాబీ, నీలం, పచ్చ కలిసి పారుతున్నాయి. ఎదురింటావిడ శాలువా కప్పుకొని పరామర్శకు వచ్చింది. "అయ్యో, నెమలి ఎంత బాగుండె!" అంది. రాత్రి అనలేకపోయిన మాట అప్పుడు ఎంత సులువుగా వచ్చిందో.

సరిగ్గా ఈ సమయంలో మా నాయన లేచి వచ్చారు. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. పొద్దుటిపూట నలుగురు నిలబడి కనిపిస్తే ఆయనకు అది క్లాసే.

"అసలు జనవరి 1 ఏమంత పాతది కాదు. ఇంగ్లండులో 1751 దాకా కొత్త సంవత్సరం మార్చి 25నే. క్యాలెండరు సరిచేసుకోవడానికి 1752లో సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14కు దూకినారు. 11 రోజులు మాయం! అన్ని రోజులు పోతేనే వాళ్లు ఓర్చుకున్నారు, మీకు ఒక ముగ్గు పోతే ఏమైంది?"

"వాళ్లు ఆ 11 రోజులకు రంగులేమీ కొనిపెట్టుకోలేదు కదా మామా" అంది వదిన.

జేజికి మాత్రం అందులో మార్చి అన్న మాట నచ్చింది. "మార్చిలోనే గదా మన ఉగాది గూడా. ఆ పొద్దు వాళ్లకు తెలివి ఉన్నట్టే ఉండాది. మనకింకా విశ్వావసే నడుస్తాంది. పరాభవ వచ్చేది మార్చి 19కి."

"మా ఇంటికి ఈ రోజే వచ్చేసింది" అని వదిన లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ తెలివైంది. ఎవరి పక్కనా మాట్లాడకుండా వంటింట్లోకి పోయి బొరుగులు నానబెట్టింది. ఉగ్గాని, వేడివేడి మిరపకాయ బజ్జీలు ముందుకొస్తే అనంతపురంలో అలక ఎంతోసేపు నిలవదు. మధ్యాహ్నానికి ఓళిగలు చేసింది. జనవరి 1 గురువారం పడినందువల్ల నాటుకోడికి ఒకరోజు ఆయుష్షు పెరిగింది.

కానీ బెంగళూరులో వదిన స్నేహితురాళ్ల గ్రూపు ఒకటుంది. 'ఊళ్లో ముగ్గు, ఫోటో రేపు' అని రాత్రే అందులో ప్రకటన చేసిందట. తొమ్మిదింటికి ఎండ చక్కగా పడింది. వదిన వాకిట్లోకి పోయి, అన్న కూర్చున్న పువ్వును కొంచెం సర్ది, జేజి ముగ్గునే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టేసింది. ఆ తర్వాత ఫోను ఆగకుండా మోగింది. ఎంత ట్రెడిషనల్‌గా ఉందని ఒకరు, చేతులు నొప్పి పుట్టలేదా అని ఇంకొకరు. పేడ ఆన్‌లైన్‌లో ఏ సైట్‌లో తెప్పించావని ఒకావిడ సీరియస్‌గానే అడిగింది.

పాప ఈ సంగతంతా తీసుకుపోయి జేజికి చెప్పింది.

"జేజీ, నీ ముగ్గుకు బోలెడు లైకులొచ్చాయి."

"అంటే ఏంది?"

"చూసినవాళ్లంతా బాగుందన్నారు."

"అవునా! కింద నా పేరుందా?"

పాపకు ఇంకా అబద్ధాలు చెప్పే వయసు రాలేదు. "అమ్మది ఉంది" అంది.

జేజి ఆ పూటకు ఏమీ అనలేదు. సాయంత్రం వదిన బ్యాగులు సర్దుతుంటే దగ్గరికి పోయి మంచం మీద కూర్చుంది.

"అమ్మా, మిగిలిన రంగులు ఆడికి తీసుకపోయి ఏం చేసుకుంటావు? ఈడ పెట్టిపో. ఆ జల్లెడ గూడా. సంక్రాంతికి నెమలి నేను వేస్తా. ఫోటో ఎవరితోనన్నా తీపిస్తాలే. పేరు మాత్రం రెండడుగులుండల్ల, నాది."

ఆ రాత్రే వదిన సంక్రాంతికి లీవు దొరుకుతుందేమో చూడమని అన్నకు చెప్పింది.