మహారాజశ్రీ పాలిమర్ గారికి

ఇంజిన్ ఆయిల్‌లో కాపురముంటూ వేడిలో దాని చిక్కదనం కాపాడే పొడుగాటి గొలుసు అణువులైన మహారాజశ్రీ పాలిమర్ గారికి, విజయవాడ నుంచి ఒక 125 సీసీ బైకు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం క్షేమంగా లేరని నిన్న ఆటోనగర్‌లో తెలిసింది.

మెకానిక్ బాబాయ్ డ్రెయిన్ బోల్టు విప్పాడు. నల్లటి నూనె తట్టలోకి కారుతుంటే ఒక చుక్క తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్లు విడదీశాడు. తీగ సాగలేదు. "చూడండి సార్, నీళ్లే" అన్నాడు. నేను నలుపు చూసి బెంగపడుతుంటే ఆయన నవ్వాడు. నలుపుదేముంది, మసి పట్టుకోవడం నూనె పనేనట. పోయింది చిక్కదనం. అంటే తమరే.

చిక్కదనాన్ని ఇంటర్ ఫిజిక్సులో స్నిగ్ధత అని బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్చిపోయిన బాపతు మేము. ఆముదం వెచ్చబెట్టి తలకి రాసే అమ్మమ్మకి మాత్రం సంగతి తెలుసు: వేడెక్కితే నూనె పలచబడుతుంది. తమరు లేని 40 నంబరు నూనె, 40 డిగ్రీల దగ్గర దాదాపు 145 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) ఉండి, 100 డిగ్రీలకి వచ్చేసరికి 14కి దిగుతుంది. పదో వంతుకి! అక్కడే తమ అవసరం పడింది. పుస్తకాల్లో తరచూ చెప్పే కథ ప్రకారం, చల్లగా ఉన్నంతసేపూ ముడుచుకుని ఓ మూల కూర్చుంటారు. కాక తగలగానే కాళ్లూ చేతులూ బారజాపి దారికి అడ్డంగా పడుకుంటారు. అచ్చం పెళ్లి విడిదిలో మగపెళ్లివారి పెదనాన్నలా.

1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు అమెరికాలో నూనెలకి మార్కులు వేశారు. వేడికి తక్కువ చలించే పెన్సిల్వేనియా నూనెకి 100, ఎక్కువ చలించే అమెరికా గల్ఫ్ తీరపు (మెక్సికో సింధుశాఖ) నూనెకి సున్నా. తమ పుణ్యమా అని ఇప్పుడు 100కి 120, 150 కూడా వస్తున్నాయి. ఈ కిటుకు మా కార్పొరేట్ కాలేజీలకి ఇంకా తెలియలేదు. తెలిస్తే బెంజ్ సర్కిల్‌లో హోర్డింగు మీద తమ ఫొటోనే.

ఇక డబ్బా సంగతి. 20డబ్ల్యూ-40 అని రాసుంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. 20డబ్ల్యూ నూనెతో ఇంజిన్ తిరుగుతుందా లేదా అని మైనస్ 15 డిగ్రీల దగ్గర చూస్తారట. విజయవాడ బైకుకి మైనస్ 15! మా ఇంట్లో 18కి పడితే మంకీ క్యాప్ బయటికొస్తుంది. సరే, పొద్దున్నే కిక్కు కొట్టగానే నూనె పైదాకా తొందరగా అందుతుంది కదా అని సర్దుకున్నాను.

నా ఫిర్యాదు రెండో అంకె మీద. ఆ 40 వేడిలో చిక్కదనానికి గుర్తు, అదీ కొత్త నూనెకి ఇచ్చిన నంబరు. అంటే డబ్బా మూత తీసిన రోజు తమరు పెట్టిన సంతకం. ఆ తర్వాత తమరు ఆఫీసులో ఉన్నారో, ఎటెళ్లారో ఎవరు చూశారు?

విచారిస్తే తేలింది. తమరు ఎథిలీన్, ప్రొపిలీన్ కలిసిన రబ్బరు వంశం, కారు తలుపుల బీడింగుకి పిన్నమ్మ కొడుకు. నూనెలో నూటికి ఒక వంతు అటూ ఇటూగా ఉంటారు గానీ ఒక్కొక్కరూ నూనె అణువుల పక్కన తాటిచెట్టంత. ఎంత పొడుగుంటే అంత చిక్కదనం, తయారుచేసేవాడికి అంత ఆదా. ఎంత పొడుగుంటే అంత తొందరగా తెగడం కూడా. కారులో గేర్లకి వేరే నూనె ఉంటుంది. బైకులో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు అన్నిటికీ ఆ ఒక్క లీటరే. గేరు పళ్ల మధ్య పడి రెండు వైపులా లాగితే తమరు సరిగ్గా నడుము దగ్గర తెగుతారట. ఒక ముక్క రెండైతే ఆ రెండూ కలిసినా పాత చిక్కదనం రాదు. చెరుకు మిషన్‌లో రెండోసారి పెట్టిన గడలాగా.

ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ తెగుతారని కాదు లెండి. చాలాసార్లు బుద్ధిగా వరసలో నిలబడి దారి వదులుతారు. ఆఫీసరు గది దాటగానే మళ్లీ బారజాపుడు. దాన్ని క్షమించేశాం, మేమూ ఉద్యోగులమే.

తమరికి కుర్ట్ ఆర్బాన్ అనే పరీక్ష ఉందనీ తెలిసింది. డీజిల్ ఇంజెక్టరు సన్న రంధ్రంలోంచి నూనెని 30 సార్లు తోస్తారు. అందులో 50 వచ్చినవారు తాము తెచ్చిన చిక్కదనంలో సగం అక్కడే పోగొట్టుకున్నట్టు, 25 వస్తే పావువంతు. తక్కువ మార్కులు వచ్చినవాడే మొనగాడైన పరీక్ష నా జీవితంలో ఇదొక్కటే చూశాను. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఇది ఎక్కడికి పోయింది? ఆ అంకె మాత్రం నా డబ్బా మీద లేదు. మంటల్లో దూసుకెళ్తున్న బైకు బొమ్మ ఉంది.

మళ్లీ 20డబ్ల్యూ-40యే పోయించాను. తీగ చక్కగా సాగింది. బాబాయ్ చీటీ మీద "ఆయిల్ 1" అని రాసిచ్చాడు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: మా ఆవిడ స్కూటర్‌లో గేర్ల నూనె వేరే. అక్కడైతే తమరికి ఈ పళ్ల చక్రాల బాధ లేదు. బదిలీ కావాలంటే చెప్పండి, సిఫార్సు చేస్తాను.